పాత ల్యాండ్ క్రూయిజర్ గట్టిదా, కొత్తది గట్టిదా?

డ్యూటీలో ఉండి పోయిన ఎపిసోడ్ వినలేకపోయామని చాలామంది మెసేజ్ పెట్టారు. అందులో చెప్పిన సంగతులే ఇక్కడ రాసి పెడుతున్నా.

నేను కువైట్‌కి ఇంటి డ్రైవర్‌గా వచ్చిన కొత్తలో నా చేతికిచ్చింది 80 సిరీస్ ల్యాండ్ క్రూయిజర్. తలుపేస్తే ఇనప బీరువా మూసినట్టు దబ్బుమనేది. ఊళ్లో అంబాసిడర్ నడిపి వచ్చినోణ్ని, నాకు ఆ చప్పుడంటేనే నమ్మకం.

80 సిరీస్ 1990లో వచ్చింది. నిచ్చెన లాంటి ఛాసిస్, దాని మీద బాడీ. ముందూ వెనకా అటు చక్రాన్నీ ఇటు చక్రాన్నీ కలిపే గట్టి యాక్సిల్. 1992 నుంచి 4.5 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ కూడా పెట్టారు. ఇసుకలో దానికి ఎదురులేదు. రోడ్డెక్కి 120లో పోతే మాత్రం స్టీరింగ్ మధ్యలో కాస్త వదులు, దిద్దుకుంటూనే పోవాలి. సాయంత్రానికి భుజాలు లాగేసేవి. కానీ ఒక టైరులో గాలి తగ్గినా అరచేతికి తెలిసిపోయేది.

1998లో 100 సిరీస్ వచ్చింది. ముందు చక్రాలు దేనికదే విడిగా కదిలేలా మార్చారు. మా సీనియర్ డ్రైవర్లు ఇక బండి పని అయిపోయిందన్నారు. అలాంటి గొణుగుడు కంపెనీ దాకా పోయిందేమో, గట్టి యాక్సిల్‌తోనే 105 అనే రకాన్ని కూడా కొన్ని దేశాల్లో అమ్మారు. తర్వాత 2007లో 200, 2021లో 300. 300లో వీ8 ఇంజన్ తీసేసి వీ6 పెట్టారు, బరువు 200 కిలోల దాకా తగ్గిందని కంపెనీ చెప్పింది. స్టీరింగ్ ఎటు తిప్పితే అటే, అంతే పోతుంది. నడపడానికి హాయి. చేతికి మాత్రం రోడ్డు తెలీదు. గాలి తగ్గితే లైటు వెలిగి చెప్పాలి.

పాత బండి ముందు బంపర్ ఇనుము. కొత్తదానికి ప్లాస్టిక్, లోపల సెన్సర్లు. పార్కింగ్‌లో గోడకి కాస్త రాసుకున్నందుకే ఒకాయన నా జీతంలో రెండు నెలలు కోశాడు. పాతదైతే షువైఖ్ గ్యారేజీలో ఒక పూటలో తట్టి సరిచేసేవాళ్లు. అందుకే చాన్నాళ్లు నేనూ పాత బండి పక్షమే.

ఇక నా సొంత అనుభవం. ఎడారిలో ఒంటెల దగ్గరికి దాణా తోలడానికి నాకు ఒక పాత 70 సిరీస్ పికప్ ఇచ్చారు. 1984లో మొదలైన బండి అది, ఇప్పటికీ తయారవుతోంది, పికప్‌కి వెనక ఇప్పటికీ పట్టా స్ప్రింగులే. "ట్యాంక్ లాంటిది, నీకేం కాదు" అన్నారు. బెల్ట్ సీటు సందులో ఇరుక్కుపోయి ఉండేది, నేనూ పట్టించుకోలా. ఒకరోజు ముందున్న ట్రైలర్‌ని మెల్లగానే గుద్దాను. బంపర్‌కి రంగు లేచింది. స్టీరింగ్ తగిలి నాకు రెండు పక్కటెముకలు విరిగాయి.

ఎందుకిట్లా అంటే, బండి నలగకపోతే ఆ దెబ్బ లోపలున్న మనిషి మీదికి వస్తుంది. మెర్సిడెస్‌లో పనిచేసిన బేలా బారెనీ అనే ఇంజనీర్ దీన్ని పట్టుకున్నాడు. మనుషులుండే గది గట్టిగా ఉండాలి, ముందు భాగం కావాలనే నలగాలి అన్నాడు. 1959లో ఆ కంపెనీ అలాంటి కారు మార్కెట్‌లోకి తెచ్చింది.

అమెరికాలో 2009లో ఇన్సూరెన్స్ కంపెనీల పరిశోధన సంస్థ ఒకటి 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నీ, 2009 మాలిబూనీ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. వీడియో చూడండి. అంత ఇనుమున్న పాత కారులో డ్రైవర్ గది మొత్తం కూలిపోయింది, నిజం మనిషైతే అక్కడికక్కడే పోయేవాడు. కొత్తదాంట్లో డ్రైవర్‌కి కాలికి దెబ్బ తగిలేదంతే.

ఇళ్లల్లో కొత్త బండి పిల్లల్ని స్కూలుకి దింపడానికి, పాత పికప్ మనోళ్లకి. వద్దంటే పని పోతుంది, తెలుసు. కానీ తాళం తీసుకున్న రోజే బెల్ట్ లాగి చూడండి. పట్టుకోకపోతే సంతకం పెట్టేముందే ఫోటో తీసి యజమానికి వాట్సాప్‌లో పంపండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఈ ఎండకి పాత టైరు పగలడం మీరు చూసే ఉంటారు.

మీరు నడిపే పాత బండి ఏదో వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే వారం వినిపిస్తాం.