ప్రొటీన్లు, అమైనో ఆమ్లాలు: సౌదీ అరేబియా ఆహారం, ఆరోగ్యం

ప్రొటీన్లు (మాంసకృత్తులు) కండరాలు, ఎంజైములు, ప్రతిరక్షకాల నిర్మాణానికి ఆధారమైన పోషకాలు. జీర్ణక్రియలో ఇవి అమైనో ఆమ్లాలుగా విడిపోయి, రక్తం ద్వారా కణాలకు చేరి, అక్కడ కొత్త ప్రొటీన్లుగా కూడుకుంటాయి. 20 అమైనో ఆమ్లాలలో 9 ఆహారం ద్వారానే అందాలి. ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో శరీర బరువుకు రోజుకు సుమారు 0.8 గ్రాముల ప్రొటీన్ కావాలి.

ఆహారం: సౌదీలో మాంసం, చేపలు, పాలతో పాటు ‘ఫూల్’ ముఖ్యమైన ప్రొటీన్ వనరు. చిక్కుడు జాతికి చెందిన బాకలా గింజలను మెత్తగా ఉడికించి, మెదిపి, నూనె, జీలకర్ర చేర్చి, వేడి తమీస్ అనే గోధుమ రొట్టెతో అద్దుకుని తింటారు. గింజల్లో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, గోధుమలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. కలిపి తింటే ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. మన పప్పన్నం బలమూ ఇదే. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారు మాత్రం ఈ గింజలు తినకూడదు. తింటే ఎర్ర రక్తకణాలు చిట్లుతాయి. తూర్పు ప్రాంతంలోని ఖతీఫ్, అల్ అహ్సాలలో ఈ లోపం ఎక్కువ.

జన్యు లోపాలు: మేనరికాలు ఎక్కువైన ఈ దేశంలో మేపుల్ సిరప్ మూత్ర వ్యాధి వంటివి సాపేక్షంగా ఎక్కువగా కనిపిస్తాయి. ఈ వ్యాధిలో లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే అమైనో ఆమ్లాలు విడిపోక పేరుకుపోతాయి. శిశువు మూత్రం కాలిన చక్కెర వాసన వేస్తుంది. ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుంది. 2005లో మొదలైన నవజాత శిశు పరీక్షల్లో మడమ నుంచి తీసిన కొన్ని రక్తపు చుక్కలతోనే దీన్ని గుర్తిస్తారు. వెంటనే ప్రత్యేక పాలపొడి, కొలిచి ఇచ్చే ఆహారం మొదలుపెడితే బిడ్డను కాపాడుకోవచ్చు.