కందెన నుండి ఇంజను నూనె వరకు

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అన్నారు మన పెద్దలు. బందరు, గుడివాడ, దివిసీమ బాటలమీద ధాన్యపు బస్తాలు మోసిన ఎడ్లబండ్లకు ఆముదమే ఆధారం. అందులో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసి ఇరుసుకు పట్టించేవారు. వట్టి నూనె బరువుకు జారిపోతుంది. మసి కలిసిన నూనె పట్టు విడువదు. పనికి తగిన చిక్కదనాన్ని ఎన్నుకొనే విద్య మోటారు కార్లతో మనకు దిగుమతి అయినది కాదు.

చిత్రమేమంటే, ఆ ఆముదమే మోటారు యంత్రంలోకి కూడ ప్రవేశించింది. ఇంగ్లండులో వేక్‌ఫీల్డు కంపెనీ 1909లో ఆముదం కలిపిన నూనెకు, ఆముదపు ఇంగ్లీషు పేరు నుండే “క్యాస్ట్రాల్” అని నామకరణం చేసింది. మొదటి ప్రపంచయుద్ధ కాలపు విమానాలు పెక్కింటికి ఆముదమే కందెన. అయితే వేడికి అది క్రమంగా బంకగా మారుతుంది. అందుచేత కారు ఇంజన్లలో ఖనిజపు నూనెకే స్థానం దక్కింది.

మరి ఎవరి నూనె ఎంత చిక్కన? అమెరికాలో 1905లో ఏర్పడిన మోటారు ఇంజనీర్ల సంఘం 1911లో నూనెలను తొలిసారి వర్గీకరించింది. కాలక్రమాన 20, 30, 40, 50 అనే అంకెలు స్థిరపడ్డాయి. అంకె పెరిగినకొద్దీ నూనె మేలిరకమని కొందరి నమ్మకం. అది పొరపాటు. ఇంజను వేడెక్కినప్పుడు నూనె ఎంత చిక్కగా నిలుస్తుందో మాత్రమే ఆ అంకె చెబుతుంది. “డబ్ల్యూ” అక్షరం చలికాలానికి గుర్తు. చలిలో పారుతూ, వేడిలో చిక్కదనం నిలుపుకొనే జంట అంకెల నూనెలు 1950 తరువాత వ్యాప్తిలోకి వచ్చాయి.

కృష్ణా డెల్టాలో నీరు గడ్డకట్టే చలి లేదు. వేసవి ఎండ మాత్రం 40 డిగ్రీలు దాటుతుంది. 1957 నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు కార్లలో పాత పెట్రోలు ఇంజన్లకు 20 డబ్ల్యూ 50 రకం చాలాకాలంగా వాడుకలో ఉన్నది. కొత్త కార్లకై వచ్చిన 0 డబ్ల్యూ 20 వంటి పలుచని నూనె ఆ ఇంజన్లకు తగినది కాదు.

అలాగని చిక్కదనమే మందు కాదు. నీలిపొగ వదిలే కారులో మరింత చిక్కని నూనె పోస్తే పొగ తగ్గుతుంది, ప్రెషరు ముల్లు లేస్తుంది, జబ్బు కుదిరినట్లే తోస్తుంది. కాని ఉదయం ఇంజను కదిలించిన తొలి క్షణాలలో ఆ నూనె పైభాగాలకు ఆలస్యంగా చేరుతుంది. అరుగుదల అప్పుడే ఎక్కువ. రింగులు మార్చవలసిన చోట నూనె మార్చి కాలక్షేపం చేస్తే, దివిసీమ మారుమూల నుండి రోగిని బందరు ఆసుపత్రికి చేర్చవలసిన రాత్రి ఇంజను నడిదారిలో పట్టివేయవచ్చు.

కాబట్టి తయారీదారు పుస్తకంలోని అంకెతో మొదలుపెట్టండి. మన ఎండను, ఇంజను వయస్సును మెకానికుతో ఆలోచించి, అవసరమైతే ఒక్క మెట్టు మాత్రమే మార్చండి. ఇరుసే అరిగిపోయిన బండికి కందెన ఎంత వేసినా చక్రం నిలువదని మన బండివారు ఎరిగినదే గదా.