కలన గణితం: యానాం సరిహద్దు విద్యార్థులకు, తల్లిదండ్రులకు మార్గదర్శిక

పదవ తరగతి ముగించి గణితాన్ని ఎంచుకున్న విద్యార్థికి ఎదురయ్యే ప్రధానమైన కొత్త విభాగం కలన గణితం. దీనినే అందరూ కాలిక్యులస్ అంటారు. క్షణక్షణం మారుతూ ఉండే రాశులను లెక్కించే శాస్త్రమిది. మార్పు రేటును కనుగొనడం అవకలనం. చిన్న చిన్న భాగాలను కూడి మొత్తాన్ని రాబట్టడం సమాకలనం. ఈ రెండింటికీ పునాది అవధి అనే భావన. ఇంజనీరింగు మొదటి సంవత్సరపు గణితం దీని మీదనే నిలుస్తుంది. అందుచేత ఇక్కడ మిగిలిపోయిన లోటు డిగ్రీ వరకు వెంటాడుతుంది.

రెండు పరిపాలనలు, రెండు పాఠ్యప్రణాళికలు

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని భాగం. చుట్టూ ఉన్నవి ఆంధ్రప్రదేశ్ గ్రామాలు: ఇటు కాకినాడ జిల్లాలోని తాళ్లరేవు మండలం, గోదావరికి ఆవల కోనసీమ జిల్లాలోని ఎదుర్లంక. ఒకే వీధి పిల్లలు రెండు వేర్వేరు పరీక్షలకు చదవడం ఇక్కడ సాధారణం. కావున ట్యూషనుకు పంపేముందు ఏ పాఠ్యప్రణాళికకు అన్నది నిశ్చయించుకోవాలి.

యానాం పాఠశాలలు చిరకాలం ఆంధ్రప్రదేశ్ పాఠ్యప్రణాళికనే అనుసరించాయి. 2023-24లో పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలలను దశలవారీగా సీబీఎస్ఈలోకి మార్చడం మొదలైంది. సీబీఎస్ఈ గణితంలో రాతపరీక్షకు 80, అంతర్గత మూల్యాంకనానికి 20 మార్కులు. పదకొండవ తరగతి 80లో కలన గణితం వాటా 8 మాత్రమే. పన్నెండవ తరగతిలో అది ఒక్కసారిగా 35కు చేరుతుంది. మొదటి ఏడాది తేలికగా గడిచిందని నిశ్చింతగా ఉన్నవారు రెండవ ఏట తడబడడానికి ముఖ్యకారణం ఇదే.

ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్‌లో అవధులు, అవకలనం చాలాకాలంగా మొదటి సంవత్సరపు 1బి పత్రంలోను, సమాకలనం, అవకల సమీకరణాలు రెండవ సంవత్సరపు 2బి పత్రంలోను ఉండేవి. ఒక్కొక్క పత్రానికి 75 మార్కులు. 2025-26లో మొదటి సంవత్సరం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలకు అనుగుణంగా మారింది. రెండు పత్రాలు కలిసి 100 మార్కుల ఒకే పత్రమయ్యాయి. కనుక అన్నయ్యలు, అక్కయ్యలు వాడిన పాత గైడ్లు సాధనకు పనికివచ్చినా, వాటిని చూసి పరీక్షకు లెక్క వేసుకోరాదు.

ప్రవేశాలలో దీని ప్రాధాన్యం

పుదుచ్చేరిలో సెంటాక్ ద్వారా జరిగే బీటెక్ ప్రవేశాలకు పన్నెండవ తరగతి గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల మార్కులే ఆధారం. ఆ మార్గాన వెళ్లేవారికి బోర్డు పరీక్షలో ప్రతి మెట్టు వివరంగా రాయడం ముఖ్యం. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌లో మూడు గంటలలో 160 ప్రశ్నలు; వాటిలో 80 గణితానివే. తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. జేఈఈ మెయిన్‌లో సరైన సమాధానానికి 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఈ పరీక్షను 2021 నుండి తెలుగులో కూడా రాయవచ్చు.

సరిహద్దు కుటుంబాలు మరొక విషయం తప్పక గమనించాలి. ఎన్ఐటీలలో సొంత రాష్ట్రపు కోటాను నిర్ణయించేది విద్యార్థి పన్నెండవ తరగతి పరీక్ష రాసిన రాష్ట్రమే గాని, ఇంటి చిరునామా కాదు. యానాం బిడ్డ కాకినాడలో ఇంటర్ చదివితే సొంత కోటా తాడేపల్లిగూడెంలోని ఎన్ఐటీకి వర్తిస్తుంది. యానాంలోనే చదివితే కారైకాల్‌లోని ఎన్ఐటీకి వర్తిస్తుంది. సెంటాక్, ఈఏపీసెట్ స్థానికతకు మాత్రం నివాసం, చదివిన సంవత్సరాలు మొదలైన వేరే నిబంధనలున్నాయి. కళాశాలలో చేర్చేముందే ఆ ఏటి సమాచార పత్రాలను చదువుకోవడం మేలు.

బోధన ఎలా ఉండాలి

మంచి బోధన సూత్రంతో గాక భావంతో ఆరంభమవుతుంది. ఒక పడవ బయలుదేరిన తరువాత గడిచిన సెకన్ల వర్గానికి సమానమైన మీటర్లు ప్రయాణిస్తుందని అనుకుందాం. 3 సెకన్లకు 9 మీటర్లు, 4 సెకన్లకు 16 మీటర్లు. ఆ ఒక్క సెకనులో సగటు వేగం 7. వ్యవధిని తగ్గించి 3 నుండి 3.1 వరకు చూస్తే 6.1, 3.01 వరకు చూస్తే 6.01. వ్యవధి సున్నాకు చేరువవుతున్నకొద్దీ వేగం 6కు చేరువవుతుంది. ఆ 6 అవధి. అదే 3వ సెకను వద్ద అవకలజం.

ఇప్పుడు వెనుకకు వద్దాం. ఈ పడవ వేగం ఎల్లప్పుడూ కాలానికి రెట్టింపు. వేగపు రేఖాచిత్రం గీస్తే 3 సెకన్ల వరకు ఏర్పడే త్రిభుజానికి భూమి 3, ఎత్తు 6, వైశాల్యం 9. అదే ప్రయాణించిన దూరం. అవకలనం, సమాకలనం పరస్పరం విలోమాలన్న మూల సిద్ధాంతం ఈ చిన్న లెక్కలోనే కనిపిస్తుంది.

చాలామందికి అసలు అడ్డంకి కలన గణితం కాదు. దానికి ముందున్న కారణాంక విభజన, ఘాతాంకాలు, త్రికోణమితి సర్వసమీకరణాలు, రేఖాచిత్రాలు. మొదటి రెండు వారాలు వీటికి కేటాయించే ఉపాధ్యాయుడు కాలం వృథా చేస్తున్నాడని తల్లిదండ్రులు భావించరాదు. తరచుగా జరిగే పొరపాట్లు ఇవి: అనిశ్చిత సమాకలనిలో స్థిరరాశిని వదిలివేయడం, ప్రతిక్షేపణ చేసి హద్దులను మార్చకపోవడం, అక్షానికి దిగువనున్న వైశాల్యాన్ని రుణాత్మకంగా వదిలివేయడం.

తల్లిదండ్రులకు సూచనలు

గణితం తెలియని తల్లిదండ్రులు కూడా ఒక పరీక్ష చేయవచ్చు. పుస్తకం మూసి, పై పడవ లెక్కలో 6 ఎలా వచ్చిందో చెప్పమనండి. మాటలలో చెప్పగలిగితే పాఠం వంటబట్టినట్లే. సూత్రం మాత్రమే అప్పజెబితే ట్యూషను మారే ముందు బోధనా పద్ధతిని గురించి ఉపాధ్యాయునితో మాట్లాడండి. వారానికోసారి నోటుపుస్తకంలో బిడ్డ స్వయంగా చేసిన లెక్కలెన్ని, బోర్డు చూసి దించుకున్నవెన్ని అని అడగండి.

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం పదహారేళ్లు నిండనివారిని కోచింగు కేంద్రాలు చేర్చుకోరాదు. రుసుము కట్టేముందు రశీదు, మధ్యలో మానుకుంటే తిరిగి ఇచ్చే విధానం కాగితం మీద తీసుకోవాలి. స్తోమత లేని కుటుంబాలకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా లభిస్తాయి; 2023లో ప్రారంభమైన 'సాథీ' వేదికలో జేఈఈ పాఠాలు కూడా ఉచితమే. ఖర్చు ఎక్కువైనంత మాత్రాన బోధన మెరుగవదు. రోజూ గంటసేపు సొంతంగా చేసే సాధనకు మాత్రం ప్రత్యామ్నాయం లేదు.