కల్లులో మందు, గాజు గొట్టంలో రంగు

సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్లలో మోకు, ముస్తాదుతో చెట్టెక్కి గౌడన్న దించే లొట్టిలో కల్లు దానంతట అదే పులుస్తుంది. దానికి మందు అక్కర్లేదు. మందు అవసరం పడేది కల్లు అమ్మే డిపోలో. చెట్లు తక్కువై, తాగేవాళ్లు ఎక్కువైన చోట కల్లులో నీళ్లు కలిశాయి, తీపికి శాక్రిన్ పడింది, తగ్గిన మత్తును పూడ్చడానికి నిద్రమందు పడింది. పాత మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇది దశాబ్దాల నాటి దందా. 2016 అక్టోబరు 11న సిద్దిపేట వేరే జిల్లా అయ్యేనాటికే ఆ కల్తీలో మందులు చాలా మారాయి.

పాతకాలపు మందు క్లోరల్ హైడ్రేట్. వ్యాపారంలో దాన్ని ‘సీహెచ్’ అంటారు. 1832లో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ దీన్ని తయారు చేస్తే, 1869లో లీబ్రైష్ ఇది నిద్ర పట్టిస్తుందని చూపాడు.

దీన్ని పట్టే పరీక్షకు జపాన్ శాస్త్రవేత్త ఫుజివారా పేరుంది. వడకట్టిన కల్లు కొద్దిగా గొట్టంలో పోసి, కాస్టిక్ సోడా ద్రావణం, పిరిడిన్ కలిపి, మరిగే నీళ్లలో కాసేపు ఉంచుతారు. మందు ఉంటే పైకి తేలిన పిరిడిన్ పొర గులాబీ రంగు తిరిగి ఎర్రబడుతుంది. పక్కనే ఉత్త నీళ్లతో ఇంకో గొట్టం పెడతారు. అందులో రంగు రాకూడదు, వస్తే రసాయనాల్లోనే తేడా ఉన్నట్టు. పిరిడిన్ కంపు ముక్కు పగలగొడుతుంది. అయినా ఖర్చు తక్కువ, ఫలితం కళ్లెదుటే కనిపిస్తుంది. అయితే క్లోరోఫాం ఉన్నా ఇదే ఎరుపు వస్తుంది. అందుకే ఈ రంగు అనుమానాన్ని బలపరుస్తుందే తప్ప నేరాన్ని రుజువు చేయదు. రుజువు కోసం నమూనా ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లాల్సిందే.

సీహెచ్ మీద నిఘా పెరిగాక డైజిపామ్ వచ్చింది. 1963లో వేలియంగా మార్కెట్లోకి వచ్చిన మాత్ర అదే. దీనికీ ఒక రంగు దొరికింది. 1930లలో జిమ్మర్‌మన్ హార్మోన్ల కోసం రూపొందించిన పరీక్షలో డైనైట్రోబెంజీన్, పొటాషియం హైడ్రాక్సైడ్ వాడతారు. డైజిపామ్ తగిలితే అందులో ఎరుపు కలిసిన ఊదా రంగు వస్తుంది.

తర్వాత వంతు అల్ప్రాజోలంది. లెక్క అసలు తప్పింది ఇక్కడే. దీని అణువు నిర్మాణం వేరు కావడంతో జిమ్మర్‌మన్ పరీక్షలో ఆ ఊదా రాదు, క్లోరల్ కాదు కాబట్టి ఫుజివారాలో ఎరుపూ రాదు. పైగా మోతాదు చూడండి. నిద్రకు సీహెచ్ అయితే అర గ్రాము, గ్రాము కావాలి, అల్ప్రాజోలం మాత్ర పావు, అర మిల్లీగ్రాములోనే ఉంటుంది. సీసాడు కల్లులో అంత సూక్ష్మంగా కలిసిన మందును రంగుతో పట్టడం మహా కష్టం. చట్టం మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద అల్ప్రాజోలం 5 గ్రాముల వరకే ‘చిన్న పరిమాణం’, 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం.

ఇలాంటి కల్తీ కల్లుకు అలవాటు పడ్డవారి పరిస్థితి 2015 సెప్టెంబరులో అందరికీ తెలిసింది. కల్తీ కల్లుపై దాడులు పెరిగి మందు అందకపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు వణుకు, మూర్ఛ, పిచ్చిచూపులతో జనం బారులు తీరారు. వాళ్లలో ఎక్కువమంది రోజుకూలీలు. ఏ మందు మానేసి పడిపోయారో తెలియకుండా వైద్యం చేయడం ప్రాణాలతో చెలగాటమే. అయినా కల్తీ ఆగలేదు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఒక బడి భవనంలో అల్ప్రాజోలం తయారీ బయటపడింది.

మూత్రంలో బెంజోడయజిపైన్ల జాడ పట్టే స్ట్రిప్పులు ఇప్పుడు చౌకగానే దొరుకుతున్నాయి. ఆ మందుల కుటుంబంలోదే అల్ప్రాజోలం కూడా. కల్లు తాగి వణుకుతూ వచ్చిన మనిషికి తొలి గంటలోనే ఈ పరీక్ష చేసే ఏర్పాటు సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక, హుస్నాబాద్ ఆసుపత్రులన్నిటిలో ఉండి తీరాలి.