కోలారు గనుల విందు పంక్తులు

వెలకు భోజనము పెట్టు ఇల్లు తెలుగువారికి క్రొత్త కాదు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించు క్రీడాభిరామములో ఒక్క రూకకు కడుపునిండ కమ్మని భోజనము దొరకు పూటకూటి యిల్లు కనిపించును. ఫ్రెంచివారి ‘రెస్టారెంటు’ అను మాటకు మొదట అర్థము నీరసించిన దేహమునకు సత్తువనిచ్చు మాంసపు చారు అని. పదునెనిమిదవ శతాబ్దమున పారిస్ నగరములో ఆ చారు అమ్ము అంగడికే ఆ పేరు స్థిరపడినది. కావున భోజనశాలలను గూర్చి వ్రాయుట చరిత్రకారునకు తగని పనియని ఎవరైన అనినచో మేము ఒప్పుకొనము. ఒక ఊరిలో ఎవరు ఎవరి సరసన కూర్చుండి తినిరో తెలిసినచో ఆ ఊరి కథ సగము తెలిసినట్లే. కోలారు బంగారు గనుల విషయమున ఇది మరింత నిజము.

ఆ గనుల పూర్వచరిత్ర మన పాఠకులలో పలువురు ఎరిగినదే. 1802లో వారెన్ అను సైనికోద్యోగి మారికుప్పము, ఊరిగాము ప్రాంతముల గ్రామస్థులు మట్టి కడిగి బంగారు రజను తీయుట చూచెను. 1873లో లావెల్ అను విశ్రాంత సైనికుడు త్రవ్వకమునకై మైసూరు ప్రభుత్వమును అనుమతి కోరెను. 1880లో లండను నగరపు జాన్ టైలర్ కంపెనీవారు ప్రవేశించిన పిమ్మటనే గనులకు దశ తిరిగెను. ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుండి, ఇటలీ నుండి గని పనివారు వచ్చిరి. ఆంగ్లో ఇండియనులు వచ్చిరి. అందరికంటె ఎక్కువగా ఉత్తర ఆర్కాటు జిల్లానుండి కూలివారు వచ్చిరి. 1911 వరకు నేటి చిత్తూరు సీమలో చాల భాగము ఆ జిల్లాలోనిదే యగుటచే, ఆ వలసలో తమిళులతోపాటు మనవారును ఉండిరి. ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాలలో అంతకుముందే ఇంట తెలుగు, కచేరీలో కన్నడము నడచుచుండెను. ఇన్ని జనములు ఒక్కచోట చేరినవి. పంక్తులు మాత్రము వేరువేరుగనే యుండెను.

అన్నిటికంటె పైపంక్తి దొరల క్లబ్బు. గోల్ఫు మైదానము, బిలియర్డు బల్లలు, నృత్యశాల, పానశాల గల ఆ క్లబ్బును, పూలతోటల నడుమ నున్న బంగళాలను చూచినవారు ఆ ఊరిని ‘చిన్న ఇంగ్లండు’ అని పిలిచిరి. 1902లో శివసముద్రపు కావేరి జలపాతమునుండి సుమారు తొంబది మైళ్ళు తీగలమీద విద్యుచ్ఛక్తి గనులకు వచ్చెను. బెంగుళూరు వీథిదీపములు వెలిగినది 1905లో. అనగా రాజధానీ నగరమున నూనెదీపములు మినుకుమినుకుమనుచుండగా గనుల ఊరికి విద్యుత్తు వచ్చియుండెను.

ఆ పానశాలలో పోయబడిన వానికి మన దేశముతో చుట్టరికము లేకపోలేదు. నేడు నగరములలో కాక్‌టెయిల్ అను మిశ్రపానములకు పెద్దక్క యనదగిన ‘పంచ్’ పేరు, సారాయి, చక్కెర, నిమ్మరసము, నీరు, సుగంధద్రవ్యము అను ఐదింటిని బట్టి మన పంచ శబ్దమునుండియే పుట్టినదని పలువురి అభిప్రాయము. చలిజ్వరమునకు మందైన చేదు క్వినైను నీటిలో జిన్ను, నిమ్మరసము కలిపి త్రాగుట ఈ దేశమున ఆంగ్లేయులు అలవరచుకొన్నదే. ఆ గ్లాసులను పళ్ళెరమున పట్టుకొని నిలిచినవాడు మనవాడు. పరదొరల కాలమున భారతీయుడు క్లబ్బు గడప దాటవలెనన్న పళ్ళెరము చేతనుండవలసినదే. సభ్యత్వము దక్కుట తరువాతి మాట.

అయితే గీత గీచినంత మాత్రమున రుచి ఆగునా? బంగళా వెనుక వేరుగా కట్టిన వంటయింటిలో గీత చెరిగినది. దొరసాని చెప్పిన వంటకమును మన వంటవాడు తన చేతివాటమున వండెను. మిరియాల చారు ‘పెప్పర్ వాటర్’ అయినది. తమిళుల మిళగు తణ్ణీరు ‘మల్లిగటానీ’ యై సీమ సూపు గిన్నెలలో చేరినది. ఆంగ్లో ఇండియను ఇండ్లలో కొబ్బరిపాల పసుపన్నము, కైమా ఉండల కూర ఆదివారపు భోజనమయ్యెను. ఈ వంటలను ఆ ఊరనే పుట్టి పెరిగిన బ్రిజెట్ వైట్ కుమార్ గారు గ్రంథములలో భద్రపరచిరి. ఆమె చేసినది చరిత్రరచనయే యని మా భావన. క్రిస్మసు పండుగకు ఆ ఇండ్లలో చేయు కుల్‌కుల్సును చూచిన తెలుగు ఇల్లాలు ‘ఇవి మన గవ్వలే గదా’ అనకమానదు. ఆమె చెక్కమీద నొక్కును, వారు ఫోర్కు వెన్నుమీద నొక్కుదురు; తేడా అంతియే. ‘రోజ్ కుకీ’ అనునది ఇనుప అచ్చుతో నూనెలో వేయు మన గులాబీ పువ్వే. ఎవరు ఎవరికి నేర్పిరని తగవులాడుట వ్యర్థము. ఒకే వీథిలో రెండు పండుగలకు ఒకే పిండివంట వండబడెను, పళ్ళెములు ఇల్లుమారుచుండెను.

ఇక గనిలోనికి దిగినవాని భోజనము. కార్న్‌వాల్ పనివారు తమ దేశమున మాంసము, కూరలు పెట్టి మడచి కాల్చిన పేస్టీ అను రొట్టెను గనిలోనికి కొనిపోవుట ఆచారము. మనవానికి రాగి ముద్దయే పేస్టీ. మరుగు నీటిలో పిండి పోసి, ఉండ కట్టకుండ కోలతో గెలికి, తడిచేతితో ముద్దచేసి, ఆకుకూర పులుసుతోనో వేరుసెనగ ఊరుబిండితోనో మ్రింగినచో ప్రొద్దుగూకు వరకు ఆకలి యనడు. చాంపియన్ రీఫ్ గని పదివేల అడుగుల లోతును మించినది. అడుగున రాతివేడిమి 60 సెంటిగ్రేడు డిగ్రీలను దాటెడిది. ఒక్కొక్కప్పుడు బండలే పగిలి ప్రాణములు తీసెడివి. అట్టిచోట పనిచేసి వెదురుతడికల గుడిసెకు మరలినవానికి దొరకిన పానశాల సారాయి అంగడి. ఆ అంగడిని వేలమువేసి ప్రభుత్వము ధనము కూర్చుకొనెను. దొర త్రాగిన ‘పెగ్గు’ను మర్యాదయనియు, కూలివాడు త్రాగిన దానిని దురలవాటనియు వ్రాయు చరిత్రకారుల తీరు మాకు సమ్మతము కాదు. రెండును అదే బంగారముమీది సంపాదనయే. సారాయిని కర్ణాటక ప్రభుత్వము 2007లో నిషేధించినది. అప్పటికి గనులే లేవు.

రాగి ముద్దను గూర్చి ఇంకొక మాట. కన్నడ రాజాస్థానమునకు పోయి అక్కడి వేషమునకు, భోజనమునకు విసిగి శ్రీనాథుడు చెప్పినదని ఒక చాటువు ప్రచారములో నున్నది. ఆ మహాకవి నేడు వచ్చి బెంగుళూరు నక్షత్రపు హోటళ్ళలో వెండిగిన్నెలో వడ్డించు ముద్దకు పలుకు వెలను విన్నచో మరియొక చాటువు చెప్పియుండును.

విందు తరువాత విశ్రాంతి. దొరలు బేతమంగళపు చెరువుగట్టున విహరించెడివారు. గనుల ఊరికి త్రాగునీరు వచ్చినదియు అక్కడినుండియే. ఇంకను చల్లగాలి కావలసినవారికి నందికొండ యుండెను. 4,851 అడుగుల ఎత్తుగల ఆ కొండ 2007లో చిక్కబళ్ళాపుర జిల్లా ఏర్పడువరకు కోలారు జిల్లాలోనిదే. గనులలో ఒకదానికి నందిదుర్గమని పేరుపెట్టిరి. టిప్పు సుల్తాను అక్కడ వేసవి మేడ కట్టుకొనెను, కమిషనరు కబ్బన్ దొర బంగళా కట్టుకొనెను. 1927లో జబ్బుపడిన గాంధీమహాత్ముడు వైద్యుల మాటపై ఆ కొండపై విశ్రమించెను. 1936లో మరల వచ్చెను. విలాసమునకై పుట్టిన విడిది మేకపాలు, పండ్లతో కాలము గడపు అతిథికి స్వాస్థ్యమిచ్చుట మాకు ముచ్చటగా తోచును. నేడు ఆ కొండదాపున ద్రాక్షతోటలు, ఒడలు పిసికి తైలము మర్దించు విశ్రాంతి గృహములు వెలసినవి. వెలలు మాత్రము కొండయంత ఎత్తు.

సామాన్యుడు తలయెత్తుకొని కూర్చున్న చోటు కాఫీ హోటలు. అదియు మొదటినుండి అట్లు లేదు. దక్షిణదేశమున పెక్కు హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరు గది యుండెడిది. కొన్ని కులములవారికి లోపల చోటే లేదు. ఆ పలకలు దిగిన పిమ్మటనే కాసుగల ప్రతివాడును బల్లయొద్ద కూర్చుండగలిగెను. ముళబాగిలు దోసె కీర్తి ఆ బల్లలమీదనే పెరిగినది. అది కాగితమువలె పలుచని దోసె కాదు. మందముగా, పైన ఎఱ్ఱగా కరకర, లోపల దూదివలె మెత్తన. లోపల పూయు కారపు చట్ని తగులగనే కన్నులు చెమర్చును. బౌరింగ్ దొర పేర బౌరింగ్‌పేటగా ఉండిన బంగారుపేటలో పానీపూరికి పోయు నీరు కుళాయి నీరువలె నిర్మలముగా కనిపించును. కొత్తవారు దానిని నమ్మి మోసపోవుదురు. ఈ రెండును ఏ క్లబ్బులోను పుట్టలేదు.

1956లో మైసూరు ప్రభుత్వము, 1962లో కేంద్ర ప్రభుత్వము గనులను చేపట్టెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడెను. 2001 ఫిబ్రవరి చివర గనులు మూతపడెను. నూటయిరువది ఏండ్లలో సుమారు 800 టన్నుల బంగారము వెలికివచ్చి దేశదేశములకు పోయినది. ఊరిలో మిగిలినది తెల్లని మట్టిదిబ్బలు, మనుష్యులు. ఆ మనుష్యులలో వేలమంది బ్రతుకుతెరువునకై ప్రతిదినము రైలులో బెంగుళూరు పోయివచ్చుచున్నారు. మారికుప్పమున తెల్లవారుజామున బండి కదలును. దానికి ముందే ఇండ్లలో పొయ్యి వెలుగును. ముద్దయో, చిత్రాన్నమో, పసుపన్నమో డబ్బాలో చేరును. బండిలో ఆ డబ్బాలు తెరచునప్పుడు, తమిళుడు, తెలుగువాడు, ఆంగ్లో ఇండియను ఒకే బెంచీమీద కూర్చుండి, ‘ఇది కొంచెము రుచి చూడుము’ అని ఒకరికొకరు అందించుకొందురు.