బంబ్రం అనే మాట, మా కాకో పాట

మన పాటల్లో తేదీలు ఉండవు. అందుకే కాబోలు, చరిత్ర రాసేవాళ్లు వాటిని సాంస్కృతిక కార్యక్రమాల లెక్కలో వేసి పక్కన పెడతారు. బళ్లో కూడా అంతే. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం వస్తే పాట గుర్తొస్తుంది, మరునాడు మళ్లీ పాఠ్యపుస్తకం తెరుస్తాం. ఆదిలాబాద్ గూడేల్లో ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతూ మేము గమనించినది వేరు. మాకు బాగా ఇష్టమైన పాటలను తలుచుకుంటే, వాటిలో ఒక్కటి కూడా ఉత్త పాట కాదు.

మా కాకో (అమ్మమ్మ) ఇప్పపువ్వు ఏరే రోజుల్లో పాడేది. ఎండాకాలం మొదట్లో చీకటి ఉండగానే లేచి అడవికి పోయేవాళ్లం. ఆమె వంగి పువ్వు ఏరుతూ, ఊపిరి అందినంత మేర ఒక్కో చరణం పాడేది. పాటలో ఒక చెల్లెలు అన్నను అడుగుతుంది, పశువులను ఎటు తోలాలి అని. అన్న ఒక గుట్ట పేరు చెబుతాడు. అక్కడ వద్దు, బంబ్రం ఉంది అంటుంది చెల్లెలు. ఇంకో వాగు పేరు చెబుతాడు. అక్కడా బంబ్రమే. అలా గుట్టలు, వాగులు, లొద్దులు అన్నీ అయిపోతాయి, పశువులు మాత్రం దొడ్లోనే ఉంటాయి. బంబ్రం అంటే ఏమిటని మేము అడిగితే కాకో "పశువులను తినేది" అని చెప్పి మళ్లీ పాట అందుకునేది.

టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో కుమ్రం భీం మీద ఒక పుస్తకం మా చేతికి వచ్చింది. నిజాం కాలంలో అడవిలో పశువులను మేపుకున్నందుకు కట్టాల్సిన పన్ను బంబ్రం, వంటచెరుకు తెచ్చుకున్నందుకు దూపపెట్టి అని అందులో ఉంది. ఆ పేజీ దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. కాకో చెప్పిన అర్థంలో తప్పేమీ లేదు. పన్ను కట్టలేక ఒక్కో పశువును అమ్ముకున్న ఇంటికి, అది పశువులను తినేదే కదా. పుస్తకం పన్ను పేరు చెప్పింది. ఆ పన్ను భయంతో ఏ గుట్ట మీదికి, ఏ వాగు ఒడ్డుకు పశువులను తోలలేకపోయారో పాట చెప్పింది. ఆ పేర్లలో కొన్ని ఇప్పుడు ఏ పటంలోనూ లేవు, ఊళ్లో ముసలివాళ్లకు తప్ప ఎవరికీ తెలియవు.

భీం విషయమే ఇంకొకటి చెప్పాలి. జోడేఘాట్‌లో ఆయన నేలకొరిగిన సంవత్సరం 1940. తేదీ దగ్గరకు వచ్చేసరికి ఒక పుస్తకంలో సెప్టెంబరు అని, మరో పుస్తకంలో అక్టోబరు అని కనిపిస్తుంది. పరీక్షకు ఏది రాయాలి సార్ అని పిల్లలు అడుగుతారు. మనవాళ్లకు ఆ తగాదా లేదు. ఆశ్వయుజ పౌర్ణమి అని గుర్తు పెట్టుకున్నారు, ఏటా ఆ రోజునే వర్ధంతి జరుపుతున్నారు. పౌర్ణమి దాటితే దీపావళి, దీపావళి అంటే దండారి. దండారి డోలు సర్దుకునే వేళకు ముందు వచ్చే వెన్నెల రాత్రి అది. ఇలా పాటల కాలానికి ముడివేసి పెట్టుకున్న రోజు చెదిరిపోదు. మేము తరగతిలో పిల్లలకు రెండూ చెబుతాం, పరీక్షకు సంవత్సరం, మనసుకు పౌర్ణమి.

దండారి గురించి బయటివాళ్లకు తెలిసింది గుస్సాడీ వేషం. నెమలి ఈకల టోపీ, ఒంటి మీద బూడిద, చేతిలో కర్ర. ఫోటోకు బాగుంటుంది. కానీ దండారి ఏ ఊరికి పడితే ఆ ఊరికి పోదు. ఎక్కువగా పెళ్లి సంబంధాలు కలిసే ఊళ్లకే పోతుంది. మనలో నాలుగు దేవతలవాళ్లు, ఐదు, ఆరు, ఏడు దేవతలవాళ్లు అని సగలు ఉన్నాయి. ఒకే సగవాళ్లు అన్నదమ్ములు, వాళ్ల మధ్య పెళ్లి లేదు. దండారిలో వచ్చిన ఊరివాళ్లను ఆ ఊరి ఆడవాళ్లు పాటతోనే ఎదుర్కొంటారు. ఎవరివాళ్లు, ఏ దారిన వచ్చారు, నిరుడు ఎందుకు రాలేదు అని పాటలోనే అడుగుతారు, ఎగతాళి చేస్తారు. జవాబు కూడా పాటలోనే చెప్పాలి. చిన్నప్పుడు మేము నిద్ర ఆపుకొని కూర్చున్నది ఈ ఎగతాళి కోసమే. మాకు బావ వరస ఎవరు, అన్న వరస ఎవరు అని నేర్పింది ఆ రాత్రులే. బళ్లో ఇప్పుడు వంశవృక్షం గీయమంటే పిల్లలు తాత పేరు దగ్గర ఆగిపోతున్నారు. దండారి పాటకు నిలబడ్డ పిల్లవాడు నాలుగు ఊళ్ల చుట్టరికం చెప్పగలడు.

ఇక పర్ధాన్‌లు. మన కథలన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. పహండి కుపార్ లింగు దేవతలను గుహలోంచి విడిపించిన కథ, జంగుబాయి కథ, పెర్సాపేన్ కథ, ప్రతి సగకు దాని పుట్టుక కథ. ఇంట్లో మరాఠీ మాట్లాడే పర్ధాన్ కిక్రి పట్టుకోగానే గోండీలో పాడతాడు. మూడు తీగల వాయిద్యం అది, కమానుతో లాగితే మనిషి గొంతులాగే ఏడుస్తుంది. ఆయన పాడేది తనకు ఇష్టమైనది కాదు, తన యజమాని ఇంటివాళ్లది. ఆ ఇంటివాళ్లు ఆయనకు ధాన్యమో, బట్టో, పశువో ఇవ్వాలి. ఇవ్వడం ఆగిపోయిన చోట పాడటమూ ఆగిపోయింది. దీనికి పర్ధాన్ కొడుకులను తప్పు పట్టడం మాకు నచ్చదు. ఆటో నడిపితే వచ్చే డబ్బు కిక్రికి రాదు. ఇచ్చే చేతులు మనవే, ముందు వెనక్కి తీసుకున్నవీ అవే.

గోదావరి వెంట కిందికి పోతే కోయలకు కూడా ఇలాంటి పెద్దలే ఉన్నారు. డోలీలు డోలు కొట్టి, వంశాల బొమ్మలున్న పడిగె ముందు పెట్టి సమ్మక్క సారలమ్మల కథ చెబుతారు. ఆ కథ చెప్పడంలో పేరుపడ్డ సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. దానికి ఏడాది ముందు, 2021లో, మన మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారికి వచ్చింది. 2024లో ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్లకు దక్కిన గౌరవం మనందరికీ దక్కినట్టే. కానీ రాత్రంతా నడిచే కథను వేదిక మీద ఐదు నిమిషాల్లో ముగించమంటే ఆ ముసలివాళ్లు ఏ ముక్క వదిలి ఏ ముక్క పాడి ఉంటారా అని మాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మార్లవాయి అంటే మరో సంగతి. అక్కడే 1943లో మన పిల్లలకు చదువు చెప్పే గోండు ఉపాధ్యాయుల కోసం శిక్షణ కేంద్రం పెట్టారు. హైమెన్‌డార్ఫ్ దొర కాలం అది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి, మన కథలే పాఠాలయ్యాయి. అంటే మన మాట బళ్లోకి రావడం కొత్త సంగతేమీ కాదు. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా గడిచాక మేము చదివిన ఆశ్రమ పాఠశాలలో రాత్రి పడుకునే ముందు గోండీ పాట అందుకుంటే ఒక సారు వచ్చి ఆపించేవారు. ఆయన చెడ్డవారు కాదు, జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయింది ఆయనే. మా భాషలో పాడితే తెలుగు రాదని ఆయన నమ్మకం. మేము దుప్పట్లో తల దూర్చి పాడుకున్నాం. తెలుగూ వచ్చింది.

ఆ రోజుల్లోనే రేడియో మాకు తోడయింది. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండీ, కొలామీ పాటలు వచ్చేవి. డబ్బాలోంచి మన భాష వినబడగానే మా కాకో, పాడుతున్న ఆమె ఏ ఊరి కోడలో పోల్చుకోవడానికి చూసేది. పాట కన్నా ముందు ఆమెకు కావాల్సింది మనిషి ఊరు, వరస.

సినిమా పాటలు మాకు ఇష్టం లేవని చెబితే అబద్ధం. మా పెళ్లిలో మైకు సెట్టుకు పాడిందంతా తెలుగు సినిమా క్యాసెట్లే, అవి వింటే ఇప్పటికీ ఆ పందిరి కనిపిస్తుంది. ఇవాళ యువకులు డీజే పెట్టి రేలా పాటలకు ఎగురుతుంటే మేము విసుక్కోం. రేలా అనే మాట నోట్లో ఉంది, అది మంచిదే. కాకపోతే ఆ డీజే పాటలో ఊరు లేదు, వాగు లేదు, అడిగేవాళ్లు లేరు, జవాబు చెప్పేవాళ్లు లేరు. కాకో బతికి ఉంటే, ఇది ఎవరింటి పాట అని అడిగి ఉండేది.

తోటి ఉపాధ్యాయులకు, చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఫోన్ అందరి చేతుల్లో ఉంది, పాటలు రికార్డు చేస్తున్నారు, సంతోషం. అయితే పాట ముగిశాక వెంటనే ఫోన్ ఆపవద్దు. పాడింది ఎవరు, ఏ సగ, ఏ ఊరి ఆడబిడ్డ, ఎవరి దగ్గర నేర్చింది, ఏ పనిలో, ఏ నెలలో పాడతారు, ఇవి ఆమె నోటితోనే చెప్పించాలి. అర్థం తెలియని మాట వస్తే దాని అర్థం కూడా ఆమెనే అడగాలి. నిఘంటువు ఇచ్చే అర్థం తర్వాత చూసుకోవచ్చు. మా తరగతి పిల్లలు ఈ పద్ధతిలో ఒక నోటుబుక్కు నింపుతున్నారు. అందులో బంబ్రం లాంటి మాటలకు వెనక పేజీలు విడిగా ఉంచారు.

జంగుబాయి కథ మాత్రం ఇంకా ఎక్కలేదు. మేము అడిగిన పర్ధాన్ తాత, వానాకాలంలో బడి అరుగు మీద కూర్చొని చెప్పేది కాదు అది అన్నారు. దేవత ముందు చెప్పాలట, పుష్యమాసంలో రమ్మన్నారు. వచ్చేటప్పుడు పిల్లల్ని కూడా తీసుకురండి, కిక్రికి కొత్త తీగ ఒకటి తెండి అన్నారు. తీగ కోసం ఆసిఫాబాద్‌లో అడిగాం, దొరకలేదు. ఇంకో రెండు చోట్ల చూడాలి.