వచ్చే వారం ఎవరెవరొస్తారు? డీ అండ్ డీ క్యాంపెయిన్ల యాభై ఏళ్లు

1974 మొదట్లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో, చెక్క రంగు అట్టపెట్టెలు కొన్ని అమ్మకానికి వచ్చాయి. లోపల మూడు పల్చటి పుస్తకాలున్నాయి. వెల 10 డాలర్లు. మొదటి విడత వేసినవి 1,000, అన్నీ ఇంట్లో కూర్చుని చేత్తో సర్దినవే. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్, పొట్టిగా డీ అండ్ డీ. ఒక్క రిఫరీ ఉంటే నలుగురి నుంచి యాభై మంది దాకా ఒకే క్యాంపెయిన్‌లో ఆడుకోవచ్చని మొదటి పుస్తకంలోనే రాశారు.

యాభై మంది! ఇవాళ ఈ ఆట ఆడేవాళ్లను అడిగి చూడండి, నలుగురో ఐదుగురో అంటారు. ఆ ఐదుగురినీ ఒక ఆదివారం ఒకచోట కూర్చోబెట్టడానికే వాట్సాప్‌లో వారం రోజులు బతిమాలాలి. ఈ ఆట చరిత్రను నియమాల చరిత్రగా రాసేవాళ్లే ఎక్కువ: ఏ ఎడిషన్‌లో ఏం మారింది, ఏ మంత్రం బలం ఎంత తగ్గింది అని. నా మట్టుకు నాకు ఇది తీరిక చరిత్ర. ఆడేవాళ్ల చేతిలో ఎంత ఖాళీ సమయం ఉందో, క్యాంపెయిన్ ప్రతి కాలంలోనూ ఆ ఆకారమే తీసుకుంది.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. నెట్‌ఫ్లిక్స్‌లో స్ట్రేంజర్ థింగ్స్ మొదటి ఎపిసోడ్‌లో నలుగురు పిల్లలు బల్ల చుట్టూ చేరి అరుచుకుంటూ ఆడేది ఇదే. ఒకరు డంజన్ మాస్టర్: లోకాన్ని వర్ణించేదీ, రాక్షసులను నడిపేదీ, తగవు తీర్చేదీ ఆయనే. మిగతావారికి తలా ఒక పాత్ర. "తలుపుకి చెవి ఆనించి వింటాను" అంటాడొకడు. వినిపించిందో లేదో పాచిక తేలుస్తుంది. ఇందులో గెలుపూ ఓటమీ లేవు. పొద్దుపోయాక ఎక్కడ ఆపితే వచ్చే వారం అక్కడే అందుకుంటారు. అలా నెలలూ ఏళ్లూ సాగేదే క్యాంపెయిన్.

ఈ మాట యుద్ధరంగం నుంచి వచ్చింది, ఆట కూడా అక్కడి నుంచే. మన దేశంలో పుట్టిన చదరంగం యూరప్ చేరి, 1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ అనే పండితుడి చేతిలో కొండలూ నదులూ ఉన్న పెద్ద యుద్ధపు ఆటగా మారింది. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ దాన్ని గళ్ల నుంచి తప్పించి నిజమైన పటం మీదికి తెచ్చాడు, పక్కన అంపైర్‌ని కూర్చోబెట్టాడు. 1880లో అమెరికా సైన్యాధికారి టాటెన్ రాసిన స్ట్రాటెగోస్ అనే పుస్తకంలోనైతే అంపైర్‌దే సర్వాధికారం. ఆటగాడు ఏం చేస్తానన్నా, పుస్తకంలో లేకపోయినా సరే, ఫలితం అంపైర్ చెబుతాడు. ఈ పాత పుస్తకం 1960ల్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో డేవిడ్ వెస్లీ అనే కుర్రాడి కంటబడింది.

ఇదే సమయంలో ఇంగ్లండ్‌లో టోనీ బాత్ అనే ఆయన, కోనన్ అనే వీరుడి కథల్లోని హైబోరియా భూభాగాన్ని తీసుకుని, స్నేహితులకు తలా ఒక రాజ్యం ఇచ్చి, ఏళ్ల తరబడి ఉత్తరాల మీద యుద్ధం నడిపించాడు. ఏ సేనాపతి నమ్మకస్తుడు, ఎవడు పిరికివాడు అన్నది పేకముక్కలు తీసి నిర్ణయించేవాడు. తీరిక సాయంత్రాల్లో పుట్టిన కల్పిత లోకానికి మొదటి నిలకడైన నమూనా అదేనని నా అభిప్రాయం. అయితే అక్కడ ఆటగాడు రాజు, పైనుంచి సైన్యాలను జరుపుతాడు. సందులో నడిచే మామూలు మనిషి ఇంకా రాలేదు.

ఆ మనిషిని తెచ్చింది వెస్లీ, అదీ అనుకోకుండా. 1969లో మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల కుర్రాళ్లకు బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్టణాన్ని రంగస్థలంగా పెట్టి నెపోలియన్ కాలపు యుద్ధం ఒకటి సిద్ధం చేశాడు. సైన్యాలకు ఇద్దరే సేనాపతులు, వచ్చిన కుర్రాళ్లేమో ఎక్కువ. మిగతావాళ్లు ఖాళీగా కూర్చోకుండా ఒకరికి మేయర్, ఒకరికి బ్యాంకు యజమాని, ఒకరికి విశ్వవిద్యాలయ అధిపతి పాత్రలిచ్చాడు. సైన్యాలు ఊరికి చేరకముందే అందరూ గుంపులు గుంపులుగా చాటుకెళ్లి కుట్రలు మొదలెట్టారు. ఇద్దరైతే ద్వంద్వయుద్ధానికి దిగారు. దానికి నియమమే లేదు, వెస్లీ అప్పటికప్పుడు పాచికలు వేయించి గట్టెక్కాడు. ఆట చెడిపోయిందని ఆయన నిరాశపడ్డాడు. కుర్రాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు.

వెంటపడినవారిలో డేవ్ ఆర్నెసన్ ఒకడు. 1971లో తన ఇంటి నేలమాళిగలో బ్లాక్‌మూర్ అనే మధ్యయుగపు సీమను తెరిచాడు. ఊరు, మీద కోట, కోట కింద అంతస్తులు అంతస్తులుగా చీకటి గదులు. బ్రౌన్‌స్టైన్ ఒక రాత్రితో ముగిసేది. బ్లాక్‌మూర్ ముగియలేదు, ఆటలో జరిగింది అలాగే నిలిచిపోయేది. ఒక ఆటగాడి పాత్ర రక్తపిశాచి అయిపోయి సర్ ఫాంగ్ పేరుతో మిగతావాళ్లను పీడించడం మొదలెడితే, అతణ్ని ఎదుర్కోవడానికి మైక్ కార్ అనే ఆటగాడికి మతగురువు పాత్ర ఇచ్చారు. ఇవాళ్టి డీ అండ్ డీలో, దాన్ని చూసి పుట్టిన సవాలక్ష కంప్యూటర్ ఆటల్లో, గాయాలు మాన్పే క్లెరిక్ మూలం ఆ గొడవే. ఇంకోసారి వీరులంతా నిధుల యావలో పాతాళ గదుల్లో తిరుగుతూ పైన కోట సంగతి మరిచారు. శత్రువులొచ్చి కోట పట్టుకున్నారు. ఆర్నెసన్ జాలిపడలేదు, అందరినీ దూరంగా ఒక చిత్తడి సరస్సు ఒడ్డుకి వెళ్లగొట్టాడు, తర్వాతి కథంతా అక్కడే నడిచింది. నేను నేర్చుకోదగ్గ పాఠం ఒకటి ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను. ఆటగాళ్లు చూడని చోట కూడా లోకం కదులుతూ ఉండాలి.

1972 చివర్లో ఆర్నెసన్ లేక్ జెనీవా వెళ్లి, తర్వాత తనతో కలిసి డీ అండ్ డీ రాసిన గ్యారీ గైగాక్స్‌కు ఈ ఆట ఆడి చూపించాడు. బీమా కంపెనీ ఉద్యోగం పోయాక చెప్పులు బాగుచేస్తూ సంసారం ఈదుతున్న గైగాక్స్, వెంటనే గ్రేహాక్ కోటను గీసి, కొడుకు ఎర్నీని, కూతురు ఎలీస్‌ని మొదటి రాత్రి లోపలికి పంపాడు. మరుసటి రోజు నుంచి ఊళ్లో కుర్రాళ్లు వరస కట్టారు. త్వరలోనే ఒక్క డంజన్ మాస్టర్‌కి పని మించిపోయి, రాబ్ కుంట్జ్ అనే కుర్రాడిని రెండో మాస్టర్‌గా పెట్టుకోవలసి వచ్చింది. పెట్టెలో రాసిన యాభై గొప్పలకు పోయి రాసిన అంకె కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

అంతమందితో ఎలా నడిచింది? అందరూ ఒకేసారి రానక్కర్లేకపోవడం వల్ల. ఈ రాత్రి ఎవరొస్తే వాళ్లు కోటలో దిగుతారు, రేపు వేరేవాళ్లు. అందరి కింద ఉన్నది ఒకటే కోట, ఒకటే క్యాలెండర్. 1974 నియమాల ప్రకారం గాయపడ్డ పాత్ర పూర్తి విశ్రాంతి తీసుకున్నా రోజు విడిచి రోజు ఒక్క పాయింటే కోలుకుంటుంది. ఎనిమిది పాయింట్లు పోగొట్టుకున్నవాడు రెండు వారాలకు పైగా మంచం దిగడు. ఆ రెండు వారాల్లో అవతలి జట్టు వెళ్లి, వీళ్లు కళ్లారా చూసి వదిలేసిన నిధిని ఎత్తుకుపోవచ్చు. కాబట్టి మాస్టర్ తేదీలు రాసుకోకపోతే అంతా కలగాపులగం. 1979లో డంజన్ మాస్టర్స్ గైడ్ రాసినప్పుడు గైగాక్స్ ఈ సంగతిని పెద్దక్షరాల్లో గద్దించి మరీ చెప్పాడు. ఆట లేని రోజుల్లో బయట ఒక రోజు గడిస్తే ఆటలోనూ ఒక రోజు గడిచినట్టు లెక్కించమన్నాడు. తర్వాతి తరాలు దీన్ని చాదస్తం అని నవ్వి వదిలేశాయి. వాళ్ల ఇళ్లకు పదీ పదిహేను మంది రావడం మానేశారు మరి.

ఈ తొలి తరంలో మనకు కాస్త దగ్గరి మనిషి ఎం.ఏ.ఆర్. బార్కర్. 1951లో ఫుల్‌బ్రైట్ వేతనం మీద భారతదేశం వచ్చి ఇక్కడే ఇస్లాం స్వీకరించిన అమెరికన్, ఉర్దూ, బలూచీ పాఠ్యపుస్తకాలు రాసిన భాషావేత్త, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా అధ్యయనాల ఆచార్యుడు. చిన్నప్పటి నుంచీ అల్లుకుంటూ వచ్చిన టేకుమెల్ అనే లోకాన్ని 1975లో ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్‌గా అచ్చు వేయించాడు. కోటలూ గుర్రాలూ ఉన్న యూరప్ కాదది. వంశాలు, గుళ్లు, హోదాలు ఉన్న సమాజం, దానికో లిపి, వ్యాకరణం ఉన్న భాష. గురువారం రాత్రుల ఆయన బల్ల దశాబ్దాల పాటు నడిచింది. ఆయన 2012లో చనిపోయాడు. బతికుండగా మారుపేరుతో నాజీ భావాల నవల ఒకటి రాశాడని 2022లో టేకుమెల్ ఫౌండేషనే ఒప్పుకుంది. ఆ లోకాన్ని ప్రేమించినవాళ్లు ఇప్పుడు దాన్ని ఎలా చూడాలో తేల్చుకోలేక సతమతమవుతున్నారు. ఆయన్ని ఈ చరిత్రలోంచి తీసేయలేం, మునుపటిలా మెచ్చుకోనూ లేం.

1980లు వచ్చేసరికి కాలేజీ కుర్రాళ్లు ఉద్యోగాల్లో చేరారు, పెళ్లిళ్లయ్యాయి, ఊళ్లు మారారు. కొత్తగా ఆట కొన్నది హైస్కూలు పిల్లలు. వాళ్లకున్నది ఒక ఇల్లు, నలుగురు స్నేహితులు. ఎవరొస్తే వాళ్లు ఆడే పద్ధతి పోయి, ఎప్పుడూ అవే ఐదు పాత్రలు, వాటి చుట్టూ ఒకే కథ అనే పద్ధతి స్థిరపడింది. ఆ కథ ముందే రాసి అమ్మితే మాస్టర్‌కి శ్రమ తప్పుతుందని కంపెనీలు కనిపెట్టాయి. 1984లో ట్రేసీ హిక్‌మన్ బృందం తెచ్చిన డ్రాగన్‌లాన్స్ దానికి పరాకాష్ఠ: పాత్రలు వాళ్లే ఇస్తారు, కథ వాళ్లదే, ముఖ్యమైనవాడు చచ్చినా శవం దొరక్కుండా చూసి తర్వాత మళ్లీ తీసుకురమ్మని నియమం. ఆ కథతో వచ్చిన నవలలు లక్షల్లో అమ్ముడయ్యాయి. ఆటగా మాత్రం అది నాకెప్పుడూ వారపత్రిక సీరియల్‌ని నలుగురూ వంతులవారీగా పైకి చదివినట్టే అనిపిస్తుంది.

తీరిక తగ్గిందన్న సత్యానికి అసలైన జవాబు మరుసటి ఏడాది వచ్చింది, అదీ అంత సందడి లేకుండా. 1985లో గ్రెగ్ స్టాఫర్డ్ రాసిన కింగ్ ఆర్థర్ పెండ్రాగన్‌లో మామూలుగా ఒకసారి కూర్చుంటే ఒక సంవత్సరం. వేసవిలో ఒక సాహసం, ఆపైన శీతాకాలం లెక్క. పంట పండిందా, గుర్రం బతికిందా, పెళ్లయిందా, బిడ్డ పుట్టిందా, అన్నీ పాచికలే చెబుతాయి. వీరుడు ముసలివాడవుతాడు, నడుం వంగుతుంది, చస్తాడు. అదే ఆటగాడు కొడుకు పాత్ర అందుకుంటాడు, తండ్రి కీర్తిలో కొంత వాటా వారసత్వంగా వస్తుంది. స్టాఫర్డ్ తర్వాత రాసిన పెద్ద క్యాంపెయిన్ ఆర్థర్ పుట్టుకకు ముందు మొదలై రాజ్యం కూలేదాకా ఎనభై ఏళ్లు నడుస్తుంది. నెలకోసారి కలవగలిగినవాళ్లకు కూడా తరాలు గడిచిన అనుభవం దక్కుతుంది. దీర్ఘ క్యాంపెయిన్ కోసమే చేసిన ఆటల్లో దీన్ని మించింది నాకు కనబడలేదు.

బల్ల దగ్గరికి రాలేనివాళ్లకు ఆటను అచ్చులో అందించిన దేశం జపాన్. 1986లో కాంప్టిక్ అనే కంప్యూటర్ పత్రిక, ర్యో మిజునో డంజన్ మాస్టర్‌గా నడిపిన ఆటను నాటక సంభాషణల్లా ధారావాహికగా వేసింది. పాఠకులు పాత్రల కోసం పడిచచ్చారు. రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్ అనే నవలలూ, యానిమే అందులోంచి వచ్చాయి. డీడ్‌లిట్ అనే ఎల్ఫ్ సుందరిని బల్ల దగ్గర ఆడింది హిరోషి యమమోటో అనే సైన్స్ ఫిక్షన్ రచయిత, మగవాడు. అలాగే కెనడాలో స్టీవెన్ ఎరిక్సన్, ఇయాన్ ఎస్లెమాంట్ అనే ఇద్దరు పురావస్తు విద్యార్థులు ఆడుకున్న ఆట మలజాన్ నవలలైంది.

ఈలోగా గ్రేహాక్‌కి ఏమైందంటే, 1985లో డీ అండ్ డీ అచ్చువేసే సొంత కంపెనీ మీద గైగాక్స్ పట్టు పోయింది. ఆయన బయటికి వచ్చాడు, గ్రేహాక్ పేరు లోపలే ఉండిపోయింది. ముసలితనంలో వేరే పేరు పెట్టి ఆ కోటను అచ్చు వేయించాలని చూశాడు, పని సగంలో ఉండగా 2008లో చనిపోయాడు. అసలు కోట పూర్తి రూపంలో ఇంతవరకు ఏ పుస్తకంలోనూ రాలేదు.

1990ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. కార్డుల ఆట మ్యాజిక్ వచ్చింది, ఇంటర్నెట్ ఆటలొచ్చాయి, అప్పుల్లో మునిగిన కంపెనీని 1997లో ఆ మ్యాజిక్ తయారీదారులే కొన్నారు. 2000 తర్వాత బెన్ రాబిన్స్ అనే మాస్టర్ తన వెస్ట్ మార్చెస్ క్యాంపెయిన్‌లో పాత తాళం చెవి మళ్లీ బయటికి తీశాడు. పది మందికి పైగా ఆటగాళ్లు, నిర్ణీత వారం లేదు, నిర్ణీత జట్టు లేదు. ఎప్పుడు, ఎక్కడికి, ఎవరితో అన్నది ఆటగాళ్లే మాట్లాడుకుని మాస్టర్‌కి కబురు పెట్టాలి. రాత్రికి అందరూ ఊరికి తిరిగొచ్చేయాలి, వచ్చేసారి రానివాడి పాత్ర అడవి మధ్యలో ఇరుక్కోకుండా. అందరినీ కుదిర్చే భారం మాస్టర్ నెత్తి మీంచి దిగింది.

ఆ తర్వాత కెమెరా వచ్చింది. లాస్ ఏంజెలెస్ డబ్బింగ్ కళాకారులు కొందరు, తమలో ఒకరైన లియమ్ ఓబ్రయన్ పుట్టినరోజుకి 2012లో ఒక్కరోజు ఆటగా మొదలెట్టి ఇంట్లో ఆడుకుంటూ వచ్చిన క్యాంపెయిన్‌ని 2015 మార్చిలో క్రిటికల్ రోల్ పేరుతో నెట్‌లో ప్రత్యక్షంగా చూపించడం మొదలెట్టారు. 2017 అక్టోబరులో ఆ క్యాంపెయిన్ ముగిసేసరికి 115 భాగాలు, ఒక్కొక్కటి మూడు నాలుగు గంటలు. 2019లో యానిమేషన్ కోసం ఏడున్నర లక్షల డాలర్లు అడిగితే అభిమానులు కోటీ పదమూడు లక్షలు ఇచ్చారు. దీన్ని చూసి ఆటలోకొచ్చినవాళ్లు తమ మాస్టర్ కూడా ఆ క్యాంపెయిన్‌ని నడిపిన మాథ్యూ మెర్సర్‌లా పాతిక గొంతులతో మాట్లాడాలని ఆశపడుతున్నారు. ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు ఆడటమే ఉద్యోగం. మిగతావాళ్లకు ఉద్యోగం అయ్యాక మిగిలేదే ఆట.

ఆటని ఉద్యోగం చేసుకోకుండానే తీరికని గెలిచినవాళ్లూ లేకపోలేదు. కెనడాలో లండన్ అనే ఊళ్లోని ఒక చరిత్ర ఆచార్యుడు 1982లో కుర్రతనంలో మొదలెట్టిన క్యాంపెయిన్ నలభై ఏళ్లు దాటినా సాగుతూనే ఉంది. నియమాలు ఆయనవే, ఇంటి నేలమాళిగ నిండా ఉన్న ఆట బొమ్మలకు రంగులు ఆయనే వేసుకున్నాడు, ఎడిషన్లు మారినా ఆయన మారలేదు.

అలాంటి నేలమాళిగా, దాని నిండా బొమ్మలూ అందరికీ కుదరవు. 2012 నుంచి రోల్20 వంటి సైట్లలో పటం, పాచికలు తెర మీదికొచ్చాయి. 2020లో కోవిడ్ అందర్నీ ఇళ్లలో కూర్చోబెట్టినప్పుడు ఆ అలవాటు స్థిరపడింది. దాంతో కాలేజీ అయ్యాక చెదిరిపోయిన జట్టు మళ్లీ ఒకచోట చేరగలుగుతోంది, గడియారం ఒప్పుకుంటే. వేసవిలో హైదరాబాదులో రాత్రి తొమ్మిదిన్నరైతే డాలస్‌లో ఉదయం పదకొండు. నవంబరులో అమెరికావాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే అదే ఆట డాలస్‌లో పదింటికి పడుతుంది. ఆ నెల మొదటి ఆటకి ఒకరైనా గంట ఆలస్యంగా లాగిన్ అవుతారు, అప్పటికే మిగతావాళ్లు తలుపు తీసేసి ఉంటారు.